వ్యావహారిక వాదానికి బడి మూలాలు: విశాఖపట్టణం జిల్లాలో ఉపాధ్యాయుని మాటకు దక్కిన విలువ

వ్యావహారిక భాషోద్యమ చరిత్ర ఎక్కువగా పండితుల వాదప్రతివాదాల చరిత్రగానే లిఖితమైంది. దాని మూలం మాత్రం తరగతి గదిలో ఉంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో చోడవరం కేంద్రంగా ఉన్న వీరవల్లి తాలూకాలోనైనా, విజయనగరంలోనైనా, పిల్లవాడు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, వాచకంలో చదివే తెలుగు మరొకటి. ఈ దూరం ఎంతటిదో నిత్యం చూస్తున్నవాడు ఉపాధ్యాయుడే. అయితే ఆ విషయమై అతని అభిప్రాయం అడిగే ఆచారం విద్యాశాఖలో లేదు.

1907లో ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ ఆ ఆచారాన్ని కొంత సడలించారు. ఇన్‌స్పెక్టరు రాక అంటే సాధారణంగా తనిఖీ, నివేదిక, గ్రాంటు పోతుందేమోనన్న బెంగ. యేట్స్ మాత్రం ప్రజల భాషకూ పుస్తకాల భాషకూ ఇంత తేడా ఎందుకని ప్రశ్నించారు. ఆ ప్రశ్న విశాఖపట్నం మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారి ముందుకు వచ్చింది. అయ్యంగారు తానే తీర్పు చెప్పక, గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి సమాధానం చెప్పగలరని సూచించారు. విద్యా నాయకత్వ చరిత్రలో గమనించదగిన ఘట్టమిది: పదవిలో పెద్దవాడు తనకంటె విషయం తెలిసినవారిని ముందు నిలిపాడు.

గిడుగు 1880 నుంచి పర్లాకిమిడిలో బడిపంతులు. సవరల మధ్య తిరిగి వారి భాష నేర్చుకొని, ఆ భాషలోనే పుస్తకాలు రాసినవారు. ప్రభుత్వం ఇవ్వజూపిన పారితోషికానికి బదులు సవర బడి కావాలన్నారు. పిల్లవాని భాష నుంచే చదువు మొదలు కావాలన్న నమ్మకం ఆయనకు సిద్ధాంతగ్రంథాల నుంచి కాక ఈ అనుభవం నుంచి వచ్చిందనడం సమంజసం.

1912-13లో స్కూలు ఫైనల్ వ్యాసరచనను కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని రాయవచ్చన్న ఉత్తర్వు వెలువడింది. ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' ఆధునిక భాషకు ఒక ఉదాహరణగా చూపబడింది. విద్యార్థికి లభించిన ఈ వెసులుబాటుపై జయంతి రామయ్య పంతులు ప్రభృతులు తీవ్రంగా ప్రతిఘటించారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వారికి వేదికైంది. మద్రాసు విశ్వవిద్యాలయ సంఘంలో అధికసంఖ్యాకులు గ్రాంథికం వైపే నిలవగా, గురజాడ 1914లో అసమ్మతి పత్రం సమర్పించారు.

ఈ పరిణామాన్ని సంప్రదాయవాదుల విజయంగా మాత్రమే చూడడం అసమగ్రం. యేట్స్, అయ్యంగారు, గురజాడ, గిడుగుల మధ్య ఏర్పడిన విశ్వాసం వ్యక్తిగతం. శాఖ నడిచే పద్ధతిలో దానికి స్థానం దొరకలేదు. పరీక్ష ఏ భాషలో ఉండాలో తేల్చినవారిలో తాలూకా బడులలో ఓనమాలు దిద్దించేవారు లేరు. పరిషత్తు వ్యావహారికంపై నిషేధాన్ని 1924లో తొలగించింది. అప్పటికి గురజాడ మరణించి దాదాపు తొమ్మిదేళ్లు.