కొండకు వచ్చిన మొక్కలు

పాతపట్నం నుంచి మెళియాపుట్టి వైపు పోతూ కొండవాలు చూస్తే ఎప్పుడూ పచ్చగానే కనిపిస్తుంది. పచ్చగా ఉన్నదంతా అడవే అనుకుంటాం. పిల్లలకు పరిసరాల విజ్ఞానం చెప్పే మాస్టారినై ఉండి నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను.

మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. దానికి మొదటి మెట్టు 180 గంటల సమాజ సేవా ప్రాజెక్టు. ఆ పనిమీదే ఒక ఎండాకాలం నలుగురు విద్యార్థులు మా ఊరు వచ్చారు. ఇద్దరు సవర పిల్లలు, ఒక జాతాపు అమ్మాయి, ఒకరు పల్లం నుంచి వచ్చిన అబ్బాయి. ఆక్రమణ జాతుల మొక్కల వల్ల పర్యావరణానికి ఏం జరుగుతోందన్నది వారి అంశం. చేతిలో ప్రశ్నల కాగితం ఉంది. "మీ గ్రామంలో ఆక్రమణ జాతులు ఉన్నాయా?" అని ఇల్లిల్లూ తిరిగి అడిగారు. అందరూ లేవన్నారు! మన ఊళ్లో ఆక్రమణ అంటే భూమి మాటే కదా, మొక్క మాట ఎవరికి తడుతుంది?

మూడోరోజు ఆ అమ్మాయి కాగితం పక్కన పెట్టి, ఒక లాంటానా కొమ్మ విరిచి మా వీధి ముసలమ్మకు చూపింది. ఆమె ఆకు నలిపి వాసన చూసి, "ఇదా? మా చిన్నప్పుడు ఇంత నేదమ్మా. గొడ్డు ముట్టదు, మేక ముట్టదు. కొండచీపురు కోసీ కాడంతా ఇదే అయిపోనాది" అంది. ఆ తర్వాత చీపురుగడ్డి ఏయే వాలుల్లో ఉండేదో, అడ్డాకు తీగ ఏ గెడ్డ పక్కన దొరికేదో వరసగా చెప్పుకుంటూ పోయింది. పిల్లలు రాసుకోలేక అలసిపోయారు. చీపుర్లు, అడ్డాకులు, చింతపండు మన ఇళ్లలో పండగ ఖర్చు, పిల్లల పుస్తకాల ఖర్చు. అవి ఎక్కడ తగ్గాయో ఆమెకు తెలియక ఎవరికి తెలుస్తుంది?

అసలు గొడవ చివరివారం వచ్చింది. వాళ్లు రాసిన నివేదిక నాకు చూపించారు. "గిరిజనుల పోడు వ్యవసాయం వల్ల అడవి నశించి, కలుపు మొక్కలు వ్యాపించాయి" అని మొదటి పేజీలోనే ఉంది. ఎక్కడిది ఈ వాక్యం అని అడిగాను. ఏదో పాత నివేదికలోంచి తీసుకున్నామన్నారు. రాసినవాళ్లలో ముగ్గురు పోడు చేసిన తాతల మనవలే. నాకు కోపం రాలేదు, కష్టమనిపించింది. ఈ మొక్కలు ఎక్కడివో, ఎవరు తెచ్చారో ముందు కనుక్కొని రమ్మన్నాను.

లాంటానా పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలం. పూలు అందంగా ఉంటాయని 19వ శతాబ్దం మొదటి దశకంలోనే కలకత్తా బొటానికల్ తోటకు ఇంగ్లీషువాళ్లు తెచ్చారు. పండు పిట్టలు తింటాయి, గింజ ఎక్కడ రాలితే అక్కడ మొలుస్తుంది. నరికితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. గుబురు కింద వెలుతురు పడక అడవి చెట్ల పిల్లమొక్కలు ఎదగవు. పశువులు తింటే కాలేయం దెబ్బతింటుంది. దేశంలో పులులు తిరిగే అడవుల్లో 1,54,000 చదరపు కిలోమీటర్ల మేర ఇది వ్యాపించి ఉందని భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు 2020లో లెక్కగట్టారు.

సర్కారు తుమ్మ కథ మన తెలుగు నేలమీదిదే. వంటచెరకు కోసం మద్రాసు ప్రభుత్వపు అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో ఆ విత్తనాలు కావాలని రాస్తే, జమైకా నుంచి తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. తెచ్చినవారెవరో పేరులోనే ఉంది. వయ్యారిభామ 1955లో పుణెలో కంటబడింది. అమెరికా గోధుమలతో వచ్చిందని చాలామంది చెబుతారు. చెరువుల్లో గుర్రపుడెక్కదీ ఇలాంటి కథే. వీటిలో ఒక్కటైనా పోడు చేసినవాడు తెచ్చింది కాదు.

ఒక అబ్బాయి మంచి ప్రశ్న వేశాడు. "మరి జీడిమామిడి కూడా పరాయిదే కదా సార్?" నిజమే. జీడి, మిరప, సీతంపేట కొండల్లో మనం పండించే అనాస, అన్నీ సముద్రం దాటి వచ్చినవే. బయటినుంచి రావడం నేరం కాదు. మనం పిలిస్తే వచ్చి మన చేతికింద పెరిగేది వేరు, పక్కదాన్ని బతకనివ్వనిది వేరు.

పిల్లలకు కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల సోలిగ ఆదివాసుల సంగతి చెప్పాను. ఎండాకాలం మొదట్లో రాలిన ఆకులకు చిన్నమంట పెట్టడం వారి పాత పద్ధతి. అభయారణ్యం వచ్చాక దాన్ని ఆపేశారు. ఆ తర్వాతే లాంటానా విజృంభించిందని సోలిగ పెద్దలు చెబితే, అక్కడ పనిచేసిన పరిశోధకులు ఆ మాటను లెక్కలోకి తీసుకుని రాశారు. ఇప్పుడు మనమూ నిప్పు పెట్టమని కాదు సుమా. ఎండిన లాంటానా గుబురుకు అంటుకుంటే అది చిన్నమంటగా ఉండదు. పెద్దవాళ్ల మాట కూడా సాక్ష్యమేనని చెప్పడమే నా ఉద్దేశం. ఆదివాసుల చేతిలో ఉన్న నేలల్లో ఆక్రమణ జాతులు సగటున తక్కువేనని 2023లో ఐక్యరాజ్యసమితి అండతో నడిచే శాస్త్రవేత్తల వేదిక (ఐపీబీఈఎస్) కూడా చెప్పింది.

పిల్లలు ఆ వాక్యం కొట్టేశారు. దాని స్థానంలో ముసలమ్మ చెప్పిన చీపురు వాలుల పేర్లు వచ్చాయి, సవర మాటలోనే. పక్కనున్న పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి పంతులు గారు తయారుచేసిన సవర నిఘంటువు 1938లో అచ్చయింది. అందులో ఏయే మొక్కల పేర్లున్నాయో చూడాలని ఆ అమ్మాయి పట్టుదలగా ఉంది.

వెళ్లేముందు బడి వెనక చిన్న మడిలో లాంటానా తీశారు. పైపైన నరకలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆచార్యులు సి.ఆర్. బాబు చూపిన పద్ధతిలో, మట్టికి కొద్దిగా కిందన తల్లివేరు కోసి, మొక్కను తలకిందులుగా పెట్టారు. వానలు పడ్డాక చూశాను. లాంటానా పిల్లలు ఇంకా మొలుస్తూనే ఉన్నాయి. వారానికోసారి ఐదో తరగతి పిల్లలు పీకుతున్నారు. ఒక మూల మాత్రం చీపురుగడ్డి నాలుగు దుబ్బులు లేచింది.