వరాహలాంఛనము నుండి ఏనుగు మార్కు వఱకు



అగ్గిపెట్టె కొనబోయిన మన పల్లెవాడు దానిని చేసిన కంపెనీ పేరు చెప్పి యడుగుట మీరెన్నడైన వింటిరా? "గుఱ్ఱపు మార్కుది ఇమ్ము", "పులిబొమ్మది ఇమ్ము" అనును. పేరు నోట నిలువక పోవచ్చును గాని మృగము కంట నిలుచును. ఈ పద్ధతిని దొరల కంపెనీలు వచ్చి మనకు నేర్పినవని పలువురు తలంతురు. అది సరికాదు. రాజ్యమునకును, ధనమునకును, దానపత్రమునకును జంతువును గుర్తుగా నిలుపుట మన దేశమున వేయేండ్లకు పైబడిన యాచారము. అందులకు సాక్ష్యములు వెదక దూరదేశములకు పోనక్కఱలేదు. ఖమ్మము మొదలు భద్రాచలము వఱకు వ్యాపించిన యీ యడవి సరిహద్దునను, దాని యిరుగుపొరుగునను చాలినన్ని కలవు.

పూర్వము రాజులు భూదానము చేసినప్పుడు శాసనమును రాగిరేకులపై చెక్కించి, రేకులకు రంధ్రము చేసి, కడియము దూర్చి, ఆ కడియపు కొనలను ముద్రతో నతికించుచుండిరి. రేకులపైనున్న సంస్కృతమును చదువగలవారు ఊరికొక్కరైన నుండిరో లేదో! ముద్రపైని బొమ్మను గుర్తింపని వారు మాత్రము లేరు. విష్ణుకుండినుల ముద్రపై సింహము, శాలంకాయనుల ముద్రపై వృషభము, రాష్ట్రకూటుల ముద్రపై గరుడుడు, చాళుక్యుల ముద్రపై వరాహము. వేంగీ చాళుక్యుల ముద్రలో వరాహముతో గూడ సూర్యచంద్రులును, ఏనుగు నడచు అంకుశమును, "త్రిభువనాంకుశ" అను బిరుదమును కానవచ్చును. ఈ లాంఛనము తమకు నారాయణుని యనుగ్రహమున లభించినదని ఆ రాజులు శాసనములలో మఱలమఱల చెప్పుకొనిరి. నాకు తోచినదేమనగా, భూమిని దానమిచ్చు పత్రమునకు భూమిని నీటనుండి యెత్తిన వరాహముకంటె తగిన బొమ్మ వేఱొకటి లేదు. గుర్తు అందముగా నుండుట వేఱు, చేయు పనికి తగియుండుట వేఱు. నేటి కంపెనీలవారు బొమ్మ గీయించుటకు లక్షలు వ్యయించియు నీ రెండవదానిని మఱచుట కలదు.

మన ప్రాంతమునకు ముఖ్యమైనది కాకతీయుల కథ. బయ్యారమున గణపతిదేవుని సోదరి మైలాంబ చెఱువు త్రవ్వించి వేయించిన శాసనమొకటి కలదు. ఈ బయ్యారము 2016 వఱకు ఖమ్మము జిల్లాలోనే యుండి, పిదప మహబూబాబాదు జిల్లాలో చేరినది. అందు కాకతీయుల పూర్వపురుషుల పేర్లు వెన్నుడు మొదలుకొని వరుసగా నున్నవి. ఈ శాసనమును, విరియాలవారి గూడూరు శాసనమును, వేంగి రాజగు దానార్ణవుడు 956లో ఇచ్చిన మాగల్లు శాసనమును కలిపి పరిశీలించి, కాకతీయుల పూర్వులు రాష్ట్రకూటుల సేనానులై యుండిరని పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు వివరించిరి. గూడూరు శాసనము వారిలో నొకనిని "గరుడ బేత"డని పేర్కొనుచున్నది. గరుడుడు రాష్ట్రకూటుల గుర్తని ముందే చెప్పితిని. 973లో రాష్ట్రకూట రాజ్యము కూలెను. కల్యాణి చాళుక్యులు ప్రబలిరి. కాకతీయులు వారికి సామంతులైరి. అంతట గరుడుడు మఱుగుపడి వరాహము ముందునకు వచ్చెను. ఏలిక మాఱగా ముద్రయు మాఱినది. ఇది లోకరీతియే.

విచిత్రము దాని తరువాతిది. 1163లో రుద్రదేవుడు హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనమున తన విజయములను చాటి స్వతంత్రుడై నిలిచెను. ఇంక నొరుల ముద్ర తనకేల? కాని వరాహమును విడిచిపెట్టలేదు. 1323లో ఓరుగల్లు పడువఱకు కాకతీయుల లాంఛనము వరాహమే. దీనికి కారణమును ఏ శాసనమును చెప్పదు. నా యూహ యిది: ఆ బొమ్మను చూచి పన్ను కట్టుటకును, ఆ బొమ్మను చూచి సరిహద్దు రాయిని గౌరవించుటకును జనులు తరతరములుగా నలవాటు పడియుందురు. ఆ యలవాటే పెద్ద యాస్తి. దానిని పారవేసి క్రొత్త బొమ్మను ప్రజల కంటికి మప్పుట కోటను గెలుచుటకంటె నెక్కువ కాలము పట్టు పని. ఎరవు తెచ్చుకొన్న గుర్తు ఈ విధముగా సొంతమైనది.

నాణెముల యందు నిదే జరిగినది. వేంగీ చాళుక్యులలో శక్తివర్మయు, రాజరాజనరేంద్రుడును వరాహపు గుర్తుతో బంగారు నాణెములు వేయించిరి. అవి సముద్రము దాటి బర్మాదేశపు అరకాను తీరమునందలి చేడుబా దీవిలో గూడ దొరకినవి. ఆ దీవివారికి తెలుగు రాదు, వేంగి ఎక్కడనున్నదో తెలియదు. అయినను పందిబొమ్మ గల బంగారమని పుచ్చుకొనియుందురు. కాలక్రమమున బంగారు నాణెమునకే "వరాహ" యని పేరు నిలిచెను. విజయనగర రాజుల నాణెములపై ఉమామహేశ్వరులు, బాలకృష్ణుడు, అచ్యుతరాయల కాలమున గండభేరుండము — ఇట్లు బొమ్మలు మాఱుచు వచ్చినను, జనులు మాత్రము దానిని వరాహ యనుట మానలేదు. బొమ్మనుండి పేరు పుట్టెను. పిదప బొమ్మ పోయి పేరు నిలిచెను. మన తాతల దస్తావేజులలో "ఇన్ని వరాహలు" అని వ్రాసినవారిలో ఎందఱు పందిని తలచిరి?

అట్లు పూజ్యమైన జంతువే వేఱొక కాలమున వేఱొక కలహమునకు కారణమాయెను. 1860లో నైజాము భద్రాచలము, రేకపల్లి తాలూకాలను ఇంగ్లీషువారి కిచ్చివేసెను. 1874లో అవి చెన్నపట్టణపు రాజధానిలో చేరినవి. అప్పటినుండి గోదావరి కీవలివైపున నైజాము హాలీ సిక్కా, ఆవలివైపున కల్దారు రూపాయి చెల్లుచుండెను. 1911లో అయిదవ జార్జి చక్రవర్తి పేర క్రొత్త కల్దారు రూపాయి వెలువడెను. దానిపై చక్రవర్తి వస్త్రమున వ్రేలాడు హారములో నొక చిన్న యేనుగు కలదు. చెక్కినవాడు దాని తొండమును పొట్టిగా చెక్కెను. జనులు దానిని చూచి పంది యనిరి. మహమ్మదీయులకు మనస్తాపము కలిగెను. సుమారు 94 లక్షల నాణెములు ముద్రింపబడగా, 7 లక్షలు మాత్రమే బయటికి వచ్చినవట. తక్కినవానిని కరగించిరి. 1912లో తొండము స్పష్టముగా కనబడునట్లు అచ్చును దిద్దిరి. ఒక గింజంత తొండము సామ్రాజ్యపు టంకసాలను ఆపెను. జంతువును గుర్తుగా పెట్టువాడు దానిని దూరమునుండి, చీకటిలో, అరిగిన పిమ్మట చూచినను ఇది ఫలానా జంతువే యని తెలియునట్లు గీయవలెను. మన పాత ముద్రలు చెక్కిన కంసాలులు ఈ రహస్యము నెఱిగినవారు. వరాహమునకు కోఱ, మూపుపై నిక్కిన వెండ్రుకలు మొదట చెక్కి, తక్కినదానిని గూర్చి యంతగా పట్టించుకొనరు.

ఇప్పుడు అంగడి మార్కులకు వత్తము. పందొమ్మిదవ శతాబ్దమున సీమనూలు, సీమగుడ్డ మన దేశమునకు వెల్లువగా వచ్చుచున్నప్పుడు, ఒక్కొక్క కట్టపై రంగుల బొమ్మకాగితము అంటించి పంపుచుండిరి. ఏనుగు, పులి, నెమలి, ఆవు, దేవతలు అందలి బొమ్మలు. ఇందులో మిక్కిలి ప్రసిద్ధమైనది రెండేనుగుల వ్యాజ్యము. స్కాట్లాండు దేశమున లీవెన్ లోయలో ఆర్చిబాల్డు ఆర్ ఈవింగు కంపెనీవారు నూలును ఎఱ్ఱగా నద్ది బొంబాయికిని, ఏడెనుకును పంపుచుండిరి. వారి కాగితముపై రెండేనుగులు నడుమ నొక పతాకమును పట్టుకొనియుండును. బజారులో ఆ నూలును "భే హాథీ", అనగా రెండేనుగులని పిలుచుచుండిరి. జాన్‌స్టను అను వేఱొక కంపెనీవారు తామును రెండేనుగుల కాగితము వేసి ఎఱ్ఱనూలు పంపసాగిరి. తమ కాగితముపై తమ పేరు వ్రాసితిమి గదా, మోసమెక్కడిదని వారి వాదము. వ్యాజ్యము లండను ప్రభువుల సభ దాక పోయెను. 1882లో తీర్పు వచ్చినది. కొనువారు ఇంగ్లీషు చదువనివారు, పేరును చూడరు, ఏనుగులనే చూతురు, కావున వారు మోసపోవుదురు అని మొదటివారికే గెలుపు కలిగినది. చదువురాని కొనుగోలుదారుని కన్ను న్యాయస్థానమున సాక్షిగా నిలిచిన వ్యాజ్యమిది. నాకు మిక్కిలి యిష్టమైనది.

అయితే ఈ కథకు మన వైపున నొక దుఃఖము కలదు. ఎఱుపునకు ప్రసిద్ధికెక్కినది తెలుగుదేశమే. మచిలీపట్టణము, నిజాంపట్టణము ప్రాంతములలో చిఱివేరుతో నద్దిన ఎఱుపు కొఱకు డచ్చివారు, ఇంగ్లీషువారు పదునేడవ శతాబ్దపు మొదటనే ఓడలు తెచ్చిరి. 1868లో జర్మనులైన గ్రేబె, లీబెర్మనులు మంజిష్ఠలోని ఎఱుపును రసాయనశాలలో పుట్టించిరి. పిదప సీమ యెఱుపు చవుకయయ్యెను. చిఱివేరు త్రవ్వువారికి కూలి పోయెను, అద్దకపువారికి పని తగ్గెను. స్కాట్లాండు మంచులో నేనుగు పుట్టదు. మన యేనుగు బొమ్మనే మన చేత కొనిపించి మన యెఱుపునకు పోటీ తెచ్చిరి. బొమ్మ మనదైనంత మాత్రమున సరుకు మనది కాదని అద్దకపువారు ఆనాడే కనుగొనిరి.

పర్ణశాలకు పోయినవారికి ఈ మాట వింతగా తోపదు. బంగారు జింక చర్మమును చూచి సీతమ్మ మోసపోయిన తావు మన యడవిలోనే యున్నదని పెద్దలు చెప్పుదురు. నవ్వులకు చెప్పుచున్నాను గాని, మన సీమలో మొదటి దొంగమార్కు మారీచుని మేనిపై నుండినదే.

మన దేశమున మార్కులను దాఖలు చేయు చట్టము 1940లో గాని రాలేదు. దానికి ముందు 1889 నాటి సరుకుల గుర్తుల చట్టమొక్కటి యుండినను, అది దొంగగుర్తు వేసినవానిని శిక్షించుటకే గాని నిజమైన గుర్తును పట్టికలో చేర్చుటకు కాదు. ఇప్పుడు 1999 నాటి చట్టము నడచుచున్నది.

గ్రామఫోను పళ్లెములపై బూర చెంత చెవి నిక్కించి కూర్చున్న కుక్క మీకందఱకు తెలియును. దాని పేరు నిప్పరు. దానిని చిత్రించినవాడు ఫ్రాన్సిస్ బారాడు. ఆ పటమును గ్రామఫోను కంపెనీవారు 1899లో కొనిరి. అంతకు ముందు వారి పళ్లెములపై దేవదూత బొమ్మ యుండెను. దేవదూత మఱుగుపడగా కుక్క నిలిచెను. హరికథలు, పద్యములు, నాటకపు పాటలు ఆ కుక్క బొమ్మతోనే మన యూళ్లకు వచ్చినవి.

ఓట్ల పెట్టెకు గూడ జంతువు ఎక్కెను. 1952 ఎన్నికలలో ఒక్కొక్క యభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. పెట్టెపై గుర్తు అంటించియుండెను. కాంగ్రెసువారిది కాడి మోయు జోడెద్దులు. 1969లో ఆ పార్టీ చీలినప్పుడు ఎద్దులు ఎవరివని తగవు పుట్టెను. 1971 ఎన్నికలకు ఇందిరాగాంధి పక్షము ఆవుదూడ గుర్తుతో వచ్చెను. 1978లో అదియు పోయి హస్తము వచ్చెను. వరాహము విషయమున రుద్రదేవుడు చేసినదానికి ఇది సరిగా వ్యతిరేకము. ఇక్కడ గుర్తు పోయినను పక్షము నిలిచినది.

భద్రాచలమున శ్రీరామనవమి యుత్సవములలో ధ్వజారోహణమునాడు గరుడపటము నెత్తుట మీరు చూచియుందురు. ఆ పటమును చూచి యుత్సవము మొదలైనదని ఆవలియొడ్డువారికి తెలియును. అదియు నొక లాంఛనమే. కాని దానికంటె నన్ను యోచింపజేయునవి ఈ యడవిలోని కోయల గుర్తులు. కొమ్ముకోయలు అడవిదున్న కొమ్ములకు నెమలియీకలు కట్టి తలధరించి, డోలు మ్రోయించుచు నాడుదురు. డోలీ కోయలు పడిగె యను గుడ్డపై మనుష్యుల, మృగముల బొమ్మలను కుట్టి, దానిని చూపుచు వంశకథలను పాడుదురు. అది వారికి గ్రంథము. ఆ విద్యయందు ఆఱితేఱిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించెను. వారు 2024లో దివంగతులైరి. నేడు ఆ కొమ్ముల తలపాగను విహారయాత్రల ప్రకటనలపైనను, సభాద్వారములపైనను అచ్చువేయుచున్నారు. స్కాట్లాండువారి రెండేనుగులకు ప్రభువుల సభ రక్షణ నిచ్చెను. కోయల కొమ్ములకు అట్టి రక్షణ నడిగినవారెవరు? అచ్చువేయువారు ముందుగా ఆ గూడెపు పెద్దల ననుమతి యడుగుట, వచ్చిన లాభములో వారికి పాలిచ్చుట న్యాయమని నా యభిప్రాయము. 1882 నాటి తీర్పును వ్రాసినవారును కాదనలేరు.

చివర నొక పని మాట. మీ యిండ్ల పాత భోషాణముల మూతల లోపలివైపున తాతలనాటి నూలుకట్టల బొమ్మకాగితములు అంటియున్నచో వానిని గీచివేయకుడు. ఊరి గ్రంథాలయమువారికి చూపుడు. పొలము దున్నునప్పుడు రాగిరేకులు దొరకినచో, 1878 నాటి నిధుల చట్టము ప్రకారము కలెక్టరుగారికి తెలియజేయవలెను. అంతవఱకు కడియమును కోయకుడు, ముద్రను తోమకుడు. కడియము తెగినచో ఆ ముద్ర ఆ రేకులదే యని నిర్ణయించుట కష్టమగును. చింతపండుతో తోమినచో వరాహపు వెండ్రుకలు అరిగిపోవును.