గాజుల శెట్టిగారి ఖర్చు



మొన్న పూర్ణా మార్కెట్టులో గాజులు వేయించుకుంటుంటే, మా చిన్నమ్మాయి "అమ్మా, గాజుల అని ఇంటిపేరు కూడా ఉంటుందా?" అంది. ఉంటుందమ్మా అని, గాజుల లక్ష్మీనరసు శెట్టిగారి కథ ఇంటికొచ్చేదాకా చెప్పాను. అదే ఇవాళ మీతోనూ చెబుదామని వచ్చాను.

శెట్టిగారు 1806లో చెన్నపట్నంలో తెలుగు వర్తకుల ఇంట పుట్టారు. తండ్రి సిద్ధులు శెట్టిగారిది నీలిమందు, గుడ్డల వ్యాపారం. కొడుకు దాన్ని ఇంకా పెంచారు. కాలుమీద కాలేసుకుని కూర్చోవచ్చు. కానీ ఆయన కూర్చోలేదు. 1844లో 'క్రెసెంట్' అనే ఇంగ్లీషు పత్రిక పెట్టి, ఎడ్వర్డ్ హార్లీ అనే దొరను సంపాదకుడిగా పెట్టుకున్నారు. దొరల చెవికెక్కాలంటే వాళ్ళ భాషలోనే చెప్పాలి కదా!

1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించారు. కాంగ్రెసు పుట్టడానికి అప్పటికింకా 33 ఏళ్ళుంది. కంపెనీ పాలనలో జనం పడే బాధలన్నీ రాసి బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పంపారు. వాటిలో ఘోరమైనది శిస్తు కోసం పెట్టే చిత్రహింస. బాకీపడ్డ రైతు చేతివేళ్ళను రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కేవారు. భజనల్లో మనం వాయించే చిరతల పేరే తెలుగునాట ఆ సాధనానికీ ఉండేదంటే ఒళ్ళు జలదరిస్తుంది. మన విశాఖపట్నం కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే.

డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వస్తే, శెట్టిగారు వెంటబెట్టుకుని ఊళ్ళు తిప్పి, రైతుల గోడు స్వయంగా వినిపించారు. పార్లమెంటులో ప్రశ్నలు లేచాయి. 1854లో విచారణ సంఘం వేయక తప్పలేదు. హింస జరుగుతున్న మాట నిజమేనని 1855లో ఆ సంఘమే ఒప్పుకుంది.

1863లో ఆయన మద్రాసు శాసన మండలి సభ్యులయ్యారు. గౌరవం పెరిగింది గాని, ప్రజల పనికి పెట్టిన ఖర్చుతో ఆస్తి కరిగిపోయింది. 1868లో పోయేనాటికి పేదవారే.

"అయితే నష్టపోయినట్టేగా?" అంది మా అమ్మాయి. నిజం చెప్పొద్దూ, మా ఇంట్లోవారు అలా ఖర్చు పెడితే నేనూ ఊరుకోను. నెలాఖరు పద్దు చూసుకునే ఇల్లాళ్ళం మనం! కానీ ఆ లెక్క నన్నడిగితే ఏం లాభం? భర్త నలిగిన వేళ్ళకు కాపడం పెట్టిన ఆ రైతు ఇల్లాలిని కదా అడగాలి!