ఆరు స్పీకర్ల పూర్వకథ

పోయిన ఉగాదినాటి సాయంకాలము మన ఖుర్దారోడ్డు సంఘము హాలులో జరిగిన సంగతి సభ్యులు మరచియుండరు. పంచాంగ శ్రవణము ముగిసినది, పులిహోర పంచిరి, పిల్లలకొక తెలుగు సినిమా చూపుదమని కంప్యూటరు తెచ్చి పెట్టితిమి. బొమ్మ వచ్చినది, బాజాలు వచ్చినవి, వాన హోరు కూడ వచ్చినది. నటుల పెదవులు కదలుచున్నవి గాని మాట మాత్రము లేదు. ముందు వరుసలోని మామ్మగారొకరు వెనుదిరిగి, "బాజాలన్నీ ఇనబడతన్నాయి గానీ మాటలేవిరా బాబూ?" అని అడిగిరి. యంత్రమును నడుపు పని మాదే గాన జవాబు చెప్పవలసినవారము మేమే. చెప్పలేకపోతిమి.

మన పిల్లలు బడిలో ఒడియా, హిందీ, ఇంగ్లీషు చదువుదురు. తెలుగు వారికి చెవి ద్వారా వచ్చునదే, అందులోను చాల భాగము సినిమా మాటల వలన వచ్చునది. కావున ఆ మాటలెక్కడికి పోయినవో కనుగొనవలెనని పట్టుపట్టితిమి. మెట్రిక్‌తో చదువాపినవారము, తప్పులున్న పెద్దలు మన్నింతురుగాక.

మనకు చెవులు రెండు. శబ్దము ఏ చెవికి ముందుగా, ఏ చెవికి గట్టిగా తగిలినదో చూచుకొని మనస్సు దిక్కును గ్రహించును. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనమున క్లెమాఁ అదే అను ఇంజనీరు ఈ కిటుకును వాడెను. ఒపేరా నాటకశాల వేదికపై టెలిఫోను యంత్రములుంచి, తీగెల ద్వారా ప్రదర్శనశాలలోని వారికి చెవికొక్కటి చొప్పున రెండేసి గొట్టములు అందించెను. పాటగాడు ఇటునుండి అటు నడచుట వారికి చెవులతోనే తెలిసినది.

తరువాత పేరు ఇంగ్లండులోని ఇ.ఎం.ఐ. ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్‌ది. తెరపై నటుడొక అంచున నుండగా గొంతు వేరొక చోటనుండి వచ్చుట ఆయనకు నచ్చలేదు. 1931 డిసెంబరులో రెండు మార్గముల శబ్దమునకు పేటెంటు కోరెను. రైల్వేవారమైన మాకు ముచ్చట గొలిపిన మాట ఒకటి కలదు: 1935లో ఆయన పరీక్షకై తీసిన చిత్రములలో ఒకటి హేస్ స్టేషనులో రైళ్ల రాకపోకలే! రైలు ప్రక్కనుండి ప్రక్కకు పోవుట చెవికి తెలియవలెనన్న అంతకంటె మంచి నటుడెవడు? పాపము, ఆ మహానుభావుడు 1942లో రాడారు పరీక్ష చేయుచు విమానము కూలి 38 ఏండ్ల వయసుననే మరణించెను.

ఇంతవరకు మార్గములు రెండే. మూడవది, అనగా మన కథకు ముఖ్యమైన నడిమి మార్గము, 1933 ఏప్రిల్ 27న అమెరికాలో ఘనముగా పరీక్షకు వచ్చినది. ఫిలడెల్ఫియాలో వాద్యగోష్ఠి వాయించుచుండగా బెల్ పరిశోధనశాలవారు మూడు తీగెలపై ఆ నాదమును వాషింగ్టను సభాభవనమునకు పంపిరి. మధ్యనొకటి ఎందుకనగా, పెద్ద హాలులో ఒక ప్రక్క కూర్చున్నవానికి తనకు దగ్గరి స్పీకరే వినబడును. నడుమ నుండవలసిన గొంతు ప్రక్కకు ఈడ్వబడును. నడుమ స్పీకరుండిన ఎక్కడ కూర్చున్నను మాట తెర మధ్యనుండియే వచ్చును.

1940లో డిస్నీ తన ఫాంటాసియాను ఈ మూడు మార్గములతోనే కొన్ని పట్టణములలో ఆడించెను గాని ఖర్చు తట్టుకొనలేకపోయెను. 1953లో వచ్చిన ది రోబ్ చిత్రమునకు నాలుగు అయస్కాంత పట్టీలు: మూడు తెర వెనుకకు, నాలుగవది హాలు చుట్టునున్న స్పీకర్లకు. 70 ఎం.ఎం. ఫిలుములో ఆరు పట్టీలు పట్టెడివి. తెలుగున తొలి 70 ఎం.ఎం. చిత్రము 1986 నాటి కృష్ణగారి సింహాసనము. 1992లో బ్యాట్‌మన్ రిటర్న్స్‌తో డాల్బీ డిజిటల్ వచ్చి, శబ్దము అంకెల రూపమున ఫిలుము రంధ్రముల నడుమ అచ్చుపడినది. ఎడమ, నడుమ, కుడి, వెనుక ఎడమ, వెనుక కుడి - ఇవి 5. సెకనుకు 120 కంపనముల లోపు గుడుగుడు శబ్దమునకే ప్రత్యేకించినది ఆరవది. దానినే '.1' అందురు.

ఈ ఆరింటిని యథాతథముగా ఉంచిన సెకనుకు 46,08,000 బిట్లు కావలెను. డి.వి.డి.లో డాల్బీవారు దానిని 4,48,000కు, అనగా సుమారు పదవ వంతుకు కుదించిరి. అందుచేతనే అది ఫైలై కంప్యూటరులోకి వచ్చినది.

ఇక మన దోషము. తెచ్చిన కంప్యూటరు, దాని యజమాని ఇంట ఆరు స్పీకర్లకు అమర్చబడియున్నది. సాధారణముగా దాని వెనుక ఆకుపచ్చ రంధ్రము ముందు జంటకు, నల్లనిది వెనుక జంటకు, నారింజ రంగుది నడిమి స్పీకరుకు, గుడుగుడు పెట్టెకు. మన హాలులో రెండే స్పీకర్లు, ఆకుపచ్చ దానికి తగిలించితిమి. మాటలన్నియు ఖాళీగానున్న నారింజ రంధ్రమునకు పోయి అక్కడే అంతరించినవి! సౌండు అమరికలలో 5.1 తీసి స్టీరియో అని పెట్టియుండిన, నడిమి మార్గమును కంప్యూటరే రెండు ప్రక్కలకు సమముగా పంచి కలిపెడిది. అర నిమిషపు పని.

ఆరు స్పీకర్లున్నను కొన్ని చిక్కులు గలవు. వేవ్ ఫైలులో వరుస ఎడమ, కుడి, నడుమ, గుడుగుడు, తరువాత వెనుకవి. లినక్సు పాత అమరికలో వెనుకవి ముందు వచ్చును. వరుస తప్పిన నాయకుని మాట వీపు వెనుకనుండి వచ్చును. పాత డిజిటల్ తీగెపై (హెచ్.డి.ఎం.ఐ. కాదు) కుదించని మార్గములు రెండే పోవును. ఆరును కావలెనన్న కుదించిన ఫైలును విప్పక అట్లే ఆంప్లిఫయరుకు పంపవలెను, విప్పుట దాని పని.

ఈ యేడు ఆరు స్పీకర్లు అద్దెకు మాటలాడితిమి. ఉగాదినాడు నాలుగు గంటలకే హాలు తెరచి, స్పీకరుకొక పిల్లను నిలిపి, పరీక్ష మీట నొక్కుదుము. ఎవరి స్పీకరు పలికిన వారు చేయెత్తవలెను. మామ్మగారి కుర్చీ నడిమి దాని కెదురుగా వేయుమని కార్యదర్శిగారికి చెప్పియున్నాము.