లెక్క మారిన నాడే కబురు

ఈ పుస్తకంలో ముందు పేజీల నిండా లెక్కలే ఉన్నాయి. పొదుపు ఎంత, బ్యాంకు అప్పు ఎంత, వసూలు ఎంత. ఆ లెక్క మన ఊరి నుంచి పోయి, మళ్లీ కబురై మన ఊరికి ఎట్ల వస్తుందో మాత్రం ఎన్నడూ రాసుకోలేదు. ఈసారి అది రాస్తున్నాం. లెక్క తప్పి ఇబ్బంది పడ్డ సంఘాలు మనలో తక్కువే. లెక్క సరిగ్గానే ఉండి, కబురు తప్పుగా వచ్చో ఆలస్యమయ్యో ఇబ్బంది పడ్డవే ఎక్కువ.

డప్పు చాటింపు అందరికీ ఎరుకే. చెరువు తూము తీస్తున్నరంటే ఆ రోజే డప్పు మోగుతది. ఒకటో తారీఖు వచ్చేదాకా ఎవరూ ఆగరు. మన సంఘాల రిపోర్టులు మాత్రం చాలా ఏండ్లు తారీఖును పట్టుకునే నడిచాయి.

1982లో డ్వాక్రా మొదలైంది. పదేండ్లకు, 1992లో, సంఘాలను బ్యాంకులతో కలిపే పనిని నాబార్డు ప్రయోగంగా చేపట్టింది. 2000లో వెలుగు వచ్చినప్పుడు మొదటి ఆరు జిల్లాల్లో ఆదిలాబాద్ ఒకటి. కరీంనగర్ రెండో విడతలో చేరింది. అప్పట్లో మన దగ్గరున్నదల్లా మినిట్స్ బుక్కు, లెడ్జరు, సభ్యురాలి పాసుపుస్తకం. నెలాఖరుకు బుక్ కీపర్ ఫారం నింపితే అది గ్రామైక్య సంఘానికి, అక్కడి నుంచి మండల సమాఖ్యకు, అక్కడ మొత్తం కట్టినంక బస్సులో జిల్లాకు పోయేది. జిల్లాలో కూడిన లెక్క తిరిగి మన చేతికొచ్చేసరికి ఇంకో కిస్తీ కట్టే రోజు దాటేది. ఫలానా సంఘం రెండు కిస్తీలు తప్పిందని తెలిసేది మూడోది తప్పినంకనే. అప్పటికి బాకీ పెద్దదై, ఇండ్లల్ల గొడవ కూడా పెద్దదయ్యేది.

ఈ ఆలస్యానికి రూపాయల్లో ధర పడ్డది వడ్డీ రాయితీలు వచ్చినంక. 2004 జులై నుంచి పావలా వడ్డీ, 2012 జనవరి నుంచి వడ్డీ లేని రుణాలు. రెండింటికీ ముఖ్యమైన షరతు ఒక్కటే: కిస్తీ టైముకు కట్టాలె. కట్టిన తారీఖు బ్యాంకులో ఒకటి, లిస్టులో ఒకటి ఉంటే పోయేది మన వడ్డీ పైసలే.

2006లో ఆదిలాబాద్ వైపు శ్రీ సరస్వతి గ్రామీణ బ్యాంకు, కరీంనగర్ వైపు శ్రీ శాతవాహన గ్రామీణ బ్యాంకు మరో రెండింటితో కలిసి దక్కన్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. 2014లో అదే తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయింది. బోర్డు మీద పేరు మారడం కన్నా మనకు పెద్ద మార్పు ఇంకొకటి ఉంది: బ్యాంకుల ఖాతాలు కోర్ బ్యాంకింగ్ కంప్యూటర్‌లోకి ఎక్కడం. ఆ తర్వాతనే సంఘం అప్పు ఖాతా వివరాలు బ్యాంకు కంప్యూటర్ నుంచే సెర్ప్ పోర్టల్‌కు వచ్చే తోవ పడ్డది. 2011లో పుట్టిన స్త్రీనిధి అయితే మొదటి నుంచే ఫోను, కంప్యూటర్ మీద నడిచింది. అడిగిన 48 గంటల్లో అప్పు సంఘం ఖాతాలో పడాలన్నది దాని పట్టు.

ఇట్ల పలు చోట్ల నుంచి వచ్చిన లెక్కను ఒక్కచోట పేర్చిపెట్టే దాన్ని కంప్యూటర్ వాళ్లు డేటా వేర్‌హౌస్ అంటారు. అంటే గోదామే. 1988లో ఐబీఎం కంపెనీలో పనిచేసే ఇద్దరు రాసిన వ్యాసంలో ఆ మాట వచ్చింది. లెక్క మారగానే దానంతట అదే ఒక పని మొదలయ్యే ఏర్పాటును ట్రిగ్గర్ అంటారు. తుపాకీ మీట అని అర్థం. మనం డప్పు అనుకుంటే చాలు. ఆ ఆలోచన ఇంకా పాతది, 1970ల నాటిది. గోదాములో కొత్త లెక్క పడగానే, ఎవరూ బటన్ నొక్కకుండానే లిస్టు తయారై సీసీకి, వీఓఏకి చేరొచ్చు.

వినడానికి బాగుంది. డప్పు ఎప్పుడు కొట్టాలె అన్నదే కష్టం. ఆదిలాబాద్ పత్తి మార్కెట్లో బండ్లు వరుసగా నిలబడి ఉంటాయి. సగం బండ్లు కాంటా కాగానే "ఇయ్యాల వచ్చిన పత్తి ఇంతే" అని చిట్టి రాస్తే ఎట్లుంటది? కంప్యూటర్లోనూ అంతే. ఒక్కో కిస్తీ పడ్డప్పుడల్లా మోగే డప్పు పెడితే, ఫైలు సగం ఎక్కినప్పుడే లిస్టు బయలుదేరుతుంది. అందుకే పని తెలిసినోళ్లు మొత్తం ఫైలు ఎక్కేదాకా ఆగుతారు. బ్యాంకు పంపిన ఖాతాలెన్ని, సొమ్మెంత, గోదాములో పడ్డవెన్ని అని సరిచూసి, అప్పుడు "పూర్తయింది" అని ఒక గుర్తు పెడతారు. డప్పును ఆ గుర్తుకు కడతారు. ఫైలు రాకపోతే లిస్టు ఆగాలె. ఆగిందన్న కబురు మాత్రం పోవాలె.

మేం ఇది చదివి నేర్చుకోలేదు. ఒక దసరాకు మన సంఘం లీడరు ఒకామె సెలవుల ముందు రోజే కిస్తీ కట్టింది. సెలవులు అయినంక వచ్చిన లిస్టులో ఆ సంఘం పేరు బాకీల కింద ఉంది. గ్రామైక్య సంఘం మీటింగులో లిస్టు పైకి చదివారు. "పైసలు మేమిచ్చినం గదనే, నువ్వేం చేసినవ్?" అని అందరి ముందర అడిగితే ఆమె రసీదు కోసం ఇంటికి ఉరికింది. రసీదు దొరికింది. మరునాటి లిస్టులో బాకీ కూడా పోయింది. సగం ఎక్కిన ఫైలు మీద తయారైన లిస్టు అది. కానీ ఆమె ఇక లీడరుగా ఉండనన్నది. ఇంటికి పోయి ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు.

అప్పటి నుంచి మన సమాఖ్యలో పాసుపుస్తకంతో సరిచూడకుండా ఏ లిస్టునూ మీటింగులో చదవరు. పైన "ఏ తారీఖు దాకా లెక్క" అని లేకపోతే దాన్ని పక్కన పెడతాం. వీఓఏ ముందుగా లీడరుకు ఫోన్ చేస్తది. కొందరు సార్లకు ఇది చాదస్తం అనిపించింది. అనిపించనీ.

ఎవరికి పంపాలన్న జాబితా కూడా మారుతుంటది. 2016 అక్టోబర్ 11న మన పాత రెండు జిల్లాలు విడిపోయి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలు వచ్చాయి. మన మండలాల్లో కొన్నింటి లిస్టులు కొన్నాళ్లు పాత జిల్లాకే పోయాయి. లిస్టు పోతూనే ఉంది, చేరాల్సిన చోటికి చేరలేదు. ఇప్పుడు అదే గోస ఫోన్ నంబర్లతో. సంఘంలో చేరిన నాడు ఇచ్చిన నంబరు కొడుకుదో, అల్లునిదో, బతకపోయిన మరిదిదో. మెసేజ్ వాళ్లకు పోతది. మన ఫోనుకే వచ్చినా, ఇంగ్లీషులో ఉంటే పిల్లలు బడి నుంచి వచ్చేదాకా ఆగాలె.

అందుకే మీటింగులో పొదుపు రాసినంక నంబర్లు కూడా సరిచూస్తున్నాం. లీడరుది, రెండో లీడరుది, అదీ వాళ్ల చేతిలో ఉండే ఫోనుదే. ఉట్నూరు, జైనూరు దిక్కు సిగ్నల్ అందని గూడేలకు మాత్రం లిస్టు ఇంకా కాగితం మీదనే, సంత రోజున వీఓఏ చేతిలో పోతున్నది.