పొట్ట, పేగు క్యాన్సర్ ఆపరేషన్: థియేటర్ నుంచి బయటికొచ్చాక 30 రోజులే అసలు గండం.. పరిశోధనలు ఏం తేల్చాయంటే?

ఏర్పేడు మండలానికి ఐఐటీ వచ్చింది, ఐసర్ వచ్చింది. కడుపులో గడ్డ ఉందని తేలితే మాత్రం ఇప్పటికీ రేణిగుంట మీదుగా తిరుపతి బస్సెక్కాల్సిందే. అక్కడ స్విమ్స్‌లో జీర్ణకోశ సర్జరీకి, క్యాన్సర్ సర్జరీకి వేర్వేరు విభాగాలు ఉన్నాయి. అలిపిరి దగ్గర టాటా ట్రస్ట్స్ కట్టిన క్యాన్సర్ ఆస్పత్రి 2022 మే 5న మొదలైంది. ఇంకొందరు నేరుగా వేలూరు సీఎంసీకి పోతారు. ఎక్కడికి పోయినా థియేటర్ బయట కూర్చున్న ఇంట్లోవాళ్ల భయం ఒకటే. ఆపరేషన్ అయ్యాక మనిషి దక్కుతాడా?

దీనికి కొంతవరకు జవాబు చెప్పే లెక్కలు ఇప్పుడున్నాయి.

82 దేశాలు.. 15,958 మంది

2021లో లాన్సెట్ పత్రికలో గ్లోబల్‌సర్జ్ బృందం ఒక పెద్ద అధ్యయనం వేసింది. 82 దేశాల్లోని 428 ఆస్పత్రుల్లో రొమ్ము, పెద్దపేగు, పొట్ట క్యాన్సర్లకు ఆపరేషన్ అయిన 15,958 మందిని 30 రోజుల పాటు గమనించారు. రొమ్ము క్యాన్సర్ విషయంలో ధనిక, పేద దేశాల మధ్య మరణాల్లో తేడా లేదు. పొట్ట, పేగు దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోయింది. సంపన్న దేశాలతో పోలిస్తే, మన దేశం లాంటి తక్కువ, దిగువ మధ్య ఆదాయ దేశాల్లో నెలలోపే చనిపోయే ముప్పు పొట్ట క్యాన్సర్‌లో 3.7 రెట్లు, పెద్దపేగు క్యాన్సర్‌లో 4.6 రెట్లు ఎక్కువగా కనిపించింది.

'ముదిరాక తీసుకొస్తే ఎవరేం చేస్తారు' అని మనవాళ్లు అనుకునే మాట ఒకటుంది. ఆలస్యం నష్టమే, అందులో డౌట్ లేదు. కానీ ఈ తొలి నెల మరణాల్లో ఉన్న తేడాకు క్యాన్సర్ స్టేజ్ చెప్పిన కారణం చాలా తక్కువని ఆ అధ్యయనం తేల్చింది. ఆపరేషన్ తర్వాత చూసుకునే ఏర్పాట్లు నిలకడగా అందుబాటులో ఉండని చోట, పెద్ద కాంప్లికేషన్ వచ్చిన ప్రతి 100 మందిలో 7 నుంచి 10 మంది అదనంగా చనిపోయారు.

అమెరికాలో 84,730 మంది మీద జరిగిన పరిశోధన, 2009లో వచ్చింది, ఇదే విషయాన్ని ఇంకోలా చూపించింది. మరణాలు ఎక్కువున్న ఆస్పత్రుల్లో పెద్ద కాంప్లికేషన్లు 18.2 శాతం, తక్కువున్న చోట 16.2 శాతం. పెద్ద తేడా ఏం లేదు. కాంప్లికేషన్ వచ్చాక చనిపోయినవాళ్లు మాత్రం ఒకచోట 21.4 శాతం, ఇంకోచోట 12.5 శాతం. అంటే సమస్య అన్నిచోట్లా వస్తుంది. దాన్ని వెంటనే కనిపెట్టి కాపాడటంలోనే తేడా ఉంది.

అతుకు లీకైతే?

పేగులో గడ్డ ఉన్న ముక్క కోసేసి, మిగతా రెండు కొసలూ కలిపి కుడతారు. ఆ అతుకు సరిగా మానకపోతే లోపలిది కడుపులోకి కారుతుంది. అన్నిటికంటే భయపెట్టే కాంప్లికేషన్ ఇదే. ఎక్కువగా మొదటి వారం, పది రోజుల్లో బయటపడుతుంది. ఒక్కోసారి ఇంటికి పోయాక కూడా. గుండె వేగం పెరగడం, జ్వరం, వణుకు, తగ్గుతుందనుకున్న నొప్పి మళ్లీ ఎక్కువవడం, కడుపు ఉబ్బరం, ఆయాసం, మూత్రం తగ్గడం.. ఇవి గుర్తులు. అప్పుడు సీటీ స్కాన్ కావాలి, ఐసీయూ కావాలి, కొందరికి రెండోసారి ఆపరేషన్ కూడా.

ఊళ్లో జరిగేది వేరు. రాత్రి జ్వరమొస్తే పక్కవీధి ఆర్ఎంపీ దగ్గర ఒక సూది, రెండు మాత్రలు. జ్వరం తగ్గినట్టే ఉంటుంది, లోపల ఇన్ఫెక్షన్ పాకుతూనే ఉంటుంది. అందుకే డిశ్చార్జ్ రోజే వార్డు ఫోన్ నంబర్ కాగితం మీద రాయించుకోవాలి. రాత్రిపూట ఏదైనా అయితే ఎక్కడికి రావాలో అడిగి తెలుసుకోవాలి. పై గుర్తులు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ జరిగిన ఆస్పత్రికే పోవడం మంచిది.

గ్లౌజులు మారిస్తే చాలు

అన్నీ ఖరీదైన పరిష్కారాలే కావు. భారత్ సహా 7 దేశాల్లోని 81 ఆస్పత్రుల్లో 13,301 మందితో చేసిన చీతా ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. కడుపు కోత మూసే ముందు టీమ్ మొత్తం కొత్త గ్లౌజులు వేసుకుని, శుభ్రమైన పరికరాలు తీసుకుంది. అంతే. కోత దగ్గర ఇన్ఫెక్షన్ 18.9 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది.

ఆపరేషన్‌కు ముందు తిండి

ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్నది ఇదే. గ్లోబల్‌సర్జ్ లెక్కల మీదే 2023లో ఇంకో అధ్యయనం వచ్చింది. పొట్ట, పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయిన 5,709 మందిలో మూడోవంతు మందికి తీవ్ర పోషకాహార లోపం ఉంది. మన లాంటి దేశాల్లో అది నూటికి 62 మంది. ఆ దేశాల్లో తొలి నెల మరణాల్లో దాదాపు 32 శాతానికి ఈ లోపమే దారి తీసిందని అంచనా వేశారు.

ఆరు నెలల్లో 60 కిలోల మనిషి 54కి దిగాడంటే డాక్టర్‌కు చెప్పాల్సిన సంగతే. మన దగ్గరేమో జబ్బు అనగానే పథ్యం మొదలవుతుంది. గుడ్డు వద్దు, మాంసం వద్దు, గంజి చాలు అంటారు. డాక్టర్ వద్దని చెప్పకపోతే గుడ్లు, పప్పు, పాలు, పెరుగు, చెనిక్కాయలు, సంగటిలోకి కోడికూర.. ఏది మింగుడుపడితే అది కొంచెం కొంచెంగా రోజుకు ఐదారుసార్లు పెట్టొచ్చు. చూడటానికొచ్చినోళ్లు తెచ్చే యాపిల్ కాయలతో తీరే లోటు కాదిది. పొట్టలో గడ్డ అడ్డుపడి ఏదీ దిగకపోతే ట్యూబ్ ద్వారా ఆహారం పెట్టే పద్ధతి ఉంది. దాని గురించి మొదటి ఓపీ రోజే అడగాలి.

పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 251 మందితో చేసిన ప్రీహ్యాబ్ ట్రయల్‌లో నాలుగు వారాలు ముందుగా ప్రొటీన్ తిండి, వ్యాయామం, మానసిక ధైర్యం ఇచ్చి, పొగతాగేవాళ్లతో మాన్పించే ప్రయత్నం చేశారు. తీవ్ర కాంప్లికేషన్లు 29.7 శాతం నుంచి 17.1 శాతానికి పడిపోయాయి. ఆపరేషన్ డేట్ కోసం ఎదురుచూసే ఆ రెండు మూడు వారాలూ బీడీ మానేసి, పొద్దున సాయంత్రం ఊరి చివరిదాకా నడిచి రావడానికి ఎవరికీ రూపాయి ఖర్చు లేదు.