మైసూరు పాటల్లో మన తెలుగు

'శంకరాభరణం' వచ్చింది 1980లో. అందులో బాలు, వాణీ జయరాం పాడిన 'బ్రోచేవారెవరురా' వినని తెలుగు ఇల్లు ఉండదు. 2019లో అదే పేరుతో ఇంకో సినిమా కూడా వచ్చింది. ఆ కృతి ఎవరిది అని మన చుట్టాలను అడిగి చూడండి, చాలామంది త్యాగరాజుదనే అంటారు. కాదు. ఖమాస్ రాగంలో ఆ కృతి కట్టింది మైసూరు వాసుదేవాచార్యులు (1865-1961). మైసూరు ఆస్థాన విద్వాంసుడు. తాను చూసిన సంగీతగాళ్ల గురించి 'నా కండ కలావిదరు' అనే పుస్తకం కన్నడంలో రాశారు. పాటలు మాత్రం ఎక్కువగా తెలుగులో, సంస్కృతంలో కట్టారు.

మైసూరులో తరాలుగా ఉంటున్న మనలాంటివాళ్లకి ఇది చిన్న సంగతేమీ కాదు. తెలుగు అంటే ఇంట్లో మాట, గడప దాటితే దానికి పని లేదు అనుకుంటూ పెరిగాం. బడిలో కన్నడం, అంగట్లో కన్నడం, ఇప్పుడు ఆఫీసులో ఇంగ్లీషు. కానీ ఇదే ఊళ్లో, ప్యాలెస్ దర్బారులో, నూరేళ్లకు పైగా తెలుగుకి ఒక పని ఉండేది.

అది ఎలా వచ్చిందో చూద్దాం. 1799లో టిప్పు పోయాక రాజ్యం మళ్లీ ఒడెయర్ల చేతికి వచ్చింది. ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు సంగీతగాళ్లను చేరదీశారు. తంజావూరు నలుగురు అన్నదమ్ముల్లో పెద్దాయన చిన్నయ్య ఆయన దగ్గరికే వచ్చారు. ఆ తర్వాత వచ్చిన సదాశివరావుగారు పుట్టింది చిత్తూరు దగ్గరి గిరింపేటలో. ఆయన గురువు వాలాజాపేట వెంకటరమణ భాగవతులు, త్యాగరాజస్వామికి నేరుగా శిష్యుడు. సదాశివరావుగారి దగ్గరే వీణ శేషణ్ణ, వీణ సుబ్బణ్ణ పాట నేర్చుకున్నారు. అంటే త్యాగరాజస్వామి పాట తిరువయ్యారు నుంచి వాలాజాపేట మీదుగా మైసూరు చేరింది. దాని వెంట తెలుగూ వచ్చింది.

వాసుదేవాచార్యులది ఇంకో దారి. పదో చామరాజ ఒడెయరు ఆయన్ను ప్యాలెస్ ఖర్చుతో తిరువయ్యారు పంపించారు, పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు దగ్గర చదువుకోమని. ఆ గురువుగారు కూడా తెలుగులోనే కృతులు కట్టేవారు. శిష్యుడు రాగాలతో పాటు భాషను కూడా మూట కట్టుకుని వచ్చాడని నాకనిపిస్తుంది. సంస్కృతం ఆయన మైసూరులోనే చదువుకున్నారు. ఆ పాటల్లో తెలుగు ఎక్కడ ఆగి సంస్కృతం ఎక్కడ మొదలవుతుందో ఒక్కోసారి తెలియదు.

తెలుగే సంగీత భాష అని మనవాళ్లు కాలర్ ఎగరేస్తారు కదా, నేనంత దూరం పోను. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు కాలంలో ముత్తయ్య భాగవతులు తమిళ దేశం నుంచి వచ్చి చాముండేశ్వరి మీద 108 కృతులు కన్నడంలో కట్టారు. ఆఖరి మహారాజు జయచామరాజ ఒడెయరు కట్టిన 94 కృతులూ సంస్కృతంలోనే. బిడారం కృష్ణప్ప దాసుల పదాలను కచేరీ వేదిక ఎక్కించారు, కచేరీల సంపాదనతో ఊళ్లో రామమందిరం కట్టించారు. ఎవరికి ఏ భాష కుదిరితే దాంట్లో పాడుకున్నారు. ఎవరూ ఎవరినీ నీది ఏ భాష అని అడిగినట్టు లేదు.

కృష్ణప్పగారి శిష్యుడు చౌడయ్యగారి మాట చెప్పకుండా పోలేను, అది తెలుగు సంగతి కాకపోయినా. తిరుమకూడలు నరసీపుర మనిషి. మైకులు లేని రోజుల్లో వెనక కూర్చున్నవాళ్లకు పిటీలు వినపడదని నాలుగు తీగలకు ఇంకో మూడు కలిపి ఏడు చేశారు. బెంగళూరులో పిటీలు ఆకారంలో ఉండే హాలు ఆయన పేరు మీదనే ఉంది.

సరే, తెలుగు దగ్గరికి వద్దాం. మా అవ్వ పాటల నోట్‌బుక్ మా ఇంట్లో ఇంకా ఉంది. పాటలు తెలుగు, అక్షరాలు కన్నడం. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. అందుకని అవ్వ పుస్తకాన్ని నాకు ఎవరూ చదివి చెప్పక్కర్లేకపోయింది. కన్నడ లిపిలో రాస్తే తెలుగు పాట పెద్దగా ఏమీ పోగొట్టుకోదు. క, ఖ, గ, ఘ అన్నీ వేరువేరుగా ఉంటాయి, తమిళంలోలాగా కలిసిపోవు. పోయేది ఒకటి ఉంది. 'చాలు', 'చూడు' అన్నప్పుడు మనం నాలుకను పళ్ల దగ్గర పెట్టి పలుకుతాం. 'జాలి'లో జ కూడా అంతే. కన్నడంలో ఆ చప్పుడు లేదు. తెలుగు పుస్తకాల్లోనూ ఇప్పుడు దానికి వేరే అక్షరం వాడరు, చెవితో తెలుసుకోవాల్సిందే. అందుకే మైసూరు కచేరీల్లో 'చాలు'ను 'చీమ'లో చ లాగా పాడేవాళ్లు ఎక్కువ.

అట్లని మనం గొప్పేం కాదు. బ్రోచు అనే మాట మన ఇళ్లల్లో ఉందా? మనకు తెలిసింది 'కాపాడు'. తెలుగులో మంచినీళ్లు అడగడం రాని మైసూరు గాయకురాలికి బ్రోచు తెలుసు, మమత తెలుసు, దయ చూడమని వేడుకోవడం తెలుసు. మనకు మంచినీళ్లు అడగడం వచ్చు.

మా వీధి చివర సంగీతం క్లాసులో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల మా పాప ఒక్కతే. పోయిన నెల టీచరమ్మ ఒక పాటలో 'చాలు' అన్న మాటను పాప చేత చెప్పించి, మిగతా పిల్లల్ని అట్లాగే పలకమన్నారట. అదే రోజు సాయంత్రం పాప వచ్చి, బ్రోచు అంటే ఏంటి నాన్నా అని అడిగింది. టీచరమ్మ చెప్పలేదా అన్నాను. చెప్పారు కానీ కన్నడంలో చెప్పారు, మనదాంట్లో ఏమంటారు అంది.